సుండిన్ ఎవరు?

గురువారం బఠాణీల సూపు మళ్ళీ మాడింది.

"ఇది మూడోసారి. మూట సర్దుకో," అన్నాడు మేస్త్రీ హెల్మర్.

వంటావిడ గరిటె కింద పెట్టింది. మూట కట్టుకుని వెర్నర్ తోలే గుర్రపు మంచుబండి ఎక్కింది. స్టేషన్ అక్కడికి మూడు గంటల దారి.

అడవిలో చెట్లు కొట్టే ఆ పద్నాలుగుమందిలో ఒక్కడూ తలెత్తి చూడలేదు.

సాయంత్రం టపా బండిలోంచి స్టాక్‌హోమ్‌లో పుస్తకాలు అచ్చువేసే ఒకాయన వాళ్ళుండే గుడిసె ముందు దిగాడు. చలికి ముక్కు కందిపోయింది గానీ మొహం వెలిగిపోతోంది.

"సుండిన్ గారెవరండీ? మా నవలల పోటీలో మొదటి బహుమతి ఆయనదే! పంపిన చిరునామా ఈ గుడిసే!"

ఒక్కసారిగా గోల.

"సుండినా? ఆ పేరుగలవాడు ఇక్కడెవడూ లేడే!"

"మారుపేరురా! మనలోనే ఉన్నాడు దొంగ!"

"ఎవరైనా సరే, పేపర్లవాళ్ళు కాచుక్కూచున్నారు. వెంటబెట్టుకునే వెళ్తాను!" అన్నాడు స్టాక్‌హోమ్ ఆయన.

"ముందు చదవండి సారూ! చదవండి!"

సిక్స్‌టెన్ కాచిన కాఫీ తారులా ఉన్నా ఆయన గటగటా తాగేసి, బెంచీ ఎక్కి కాగితాలు తీశాడు.

"'ఎర్రగడ్డంవాడు గురక పెడితే కప్పు మీది మంచు జారిపడుతుంది.'"

"సిక్స్‌టెన్! ఒరేయ్, పుస్తకంలోకి ఎక్కావురా!"

బల్లలు దబదబ మోగాయి. సిక్స్‌టెన్ తన ఎర్రగడ్డం నిమురుకుంటూ మురిసిపోయాడు.

"'మేస్త్రీ దేవుడికైనా ఆదివారం సెలవివ్వడు.'"

హెల్మర్ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. "ఎవడ్రా రాసింది? బయటపడండి! భుజాల మీద ఊరేగిస్తాను!"

"అల్గోటే! వాడికే మాటలెక్కువ!"

"నేనా? సంతకం పెట్టడానికే నాకు అరపూట పడుతుంది!"

"మరి నువ్వు?"

"నువ్వే ఏమో!"

ఒకళ్ళనొకళ్ళు వేలెత్తి చూపించుకుంటున్నారు, వీపులు చరుచుకుంటున్నారు. పదేళ్ళుగా కలిసి పనిచేస్తున్నా అంత సంబరం ఎప్పుడూ ఎరగరు.

ఆయన పేజీ తిప్పాడు.

"'గుర్రం చచ్చిన రోజు దాన్ని తోలేవాడు కట్టెల చాటుకెళ్ళి, కళ్ళెం మొహానికి అదుముకుని ఏడ్చాడు.'"

అల్గోట్ నవ్వు ఆగిపోయింది.

"అది... నేనే. కానీ అప్పుడక్కడ మనవాళ్ళెవరూ లేరే," అన్నాడు మెల్లగా.

అంతలో తలుపు తోసుకుని వెర్నర్ లోపలికొచ్చాడు. అందరూ వాడి మీద పడ్డారు.

"వీడే! వెర్నర్, నువ్వేనా సుండిన్? చెప్పు!"

వెర్నర్ టోపీ మీది మంచు దులుపుకుంటూ వాళ్ళని వింతగా చూశాడు.

"ఆర్నెల్లు ఆవిడ చేతి కూడు తిన్నారు, పేరైనా అడగలేదా మీరు? సుండిన్ అంటే మన వంటావిడేరా, ఇప్పుడే రైలెక్కించి వస్తున్నా."