మూడు కీలూ ఒకేసారి

"బాబూ, నా కెమెరా పడకేసింది. నాలుగింటికి ఆన్‌లైన్లో డెమో క్లాసు. అది చూశాకే ఉద్యోగం సంగతి తేలుస్తారట. నా మొహం వాళ్ళకి కనపడకపోతే, ఉద్యోగం మొహం ఇక నేను చూడను!"

ఫోన్లో ఆ గొంతు వినగానే సపోర్టు ఇంజనీరు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. టైపు మాస్టారు!

చిన్నప్పుడు ఈయన దగ్గరే టైపు నేర్చుకున్నాడు. నేర్చుకున్నాడనడం మర్యాదకి. ఒక్క వేలితో పొడిచేవాడు. మాస్టారు స్కేలుతో కణుపులు వాయించేవారు. "దేవుడు రెండు చేతులెందుకిచ్చాడ్రా, ఒంటివేలూ?" అని అమ్మాయిలందరి ముందూ అరిచేవారు. మిషను మీద అక్షరాలు అరిగాయిగానీ ఆ పేరు అరగలేదు. మొన్న సొంత కూతురు కూడా అలాగే పిలిచింది.

ఇన్నేళ్ళూ మాస్టారు మళ్ళీ కంటపడలేదు, పగ తీర్చుకోవడానికి దారీ దొరకలేదు. ఇవాళ షార్ట్‌కట్టే దొరికింది!

తన సీట్లోంచే మాస్టారి కంప్యూటర్లోకి దూరాడు. కంట్రోలంతా ఇప్పుడు తన చేతిలో. తెర మూల స్టికీ కీస్ గుర్తు కనిపించింది. అది ఉంటే షిఫ్టు, కంట్రోల్ లాంటి కీ నొక్కి వదిలేసినా, ఇంకా నొక్కిపట్టినట్టే అంటుకుని ఉంటుంది. షిఫ్టుని పొరపాటున టకటకా నొక్కితే వచ్చి కూర్చుంటుంది. ఫోను చేసేవాళ్ళలో సగంమందిది ఈ గోలే.

అడక్కుండానే పీకేశాడు.

"అదెందుకు తీశావు బాబూ?"

"అదో జబ్బండీ. వదిలించాను."

"జబ్బు కాదయ్యా, అది నేనే..."

"ఇంజనీరు మీరా, నేనా?"



కెమెరా జబ్బు నిమిషంలో కుదిరింది. ఇక మౌసు ఒక్క నొక్కు నొక్కితే వెలుగుతుంది. మన ఒంటివేలు కావాలనే నొక్కలేదు.

"కంట్రోల్, షిఫ్ట్, ఓ. మూడూ కలిపి నొక్కండి."

టక్. టక్. టక్.

"విడివిడిగా కాదండీ! ఎడం చేత్తో ఆ రెండూ పట్టుకుని, కుడి చేత్తో ఇది."

"నువ్వే నొక్కెయ్యరాదూ? టైమైపోతోంది."

"నాకా? ఒక్క వేలేగా ఆడేది! గుర్తుపట్టలేదా మాస్టారూ? మీ ఒంటివేలుని."



"నువ్వట్రా!" మాస్టారి గొంతు చిన్నదైపోయింది. "ఒరేయ్, ఇందాక తీసేసింది మళ్ళీ పెట్టరా. నీకు పుణ్యముంటుంది."

"కుదరదు మాస్టారూ. దేవుడు రెండు చేతులెందుకిచ్చాడూ?"

కుర్చీ కిర్రుమంది. కీల మీద ఏదో ఆనింది. జారింది. మళ్ళీ ఆనింది. ఆయాసం. ఒంటివేలు కాళ్ళు బల్లమీదికి జాపి, పక్క సీటువాణ్ణి పిలిచాడు.

"రారా, మా గురువుగారి టైపు కచేరీ విందువుగాని!"

ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు.

అంతలో కెమెరా వెలిగింది.

ముందు తెర నిండా బట్టతల కనిపించింది. కీల మీద అదిమిపెట్టిన గడ్డం పైకెత్తి మాస్టారు నిటారుగా కూర్చోగానే, ఎడంచెయ్యి ఉండాల్సిన చోట ఖాళీ చొక్కా చేతిని మడిచి భుజానికి పెట్టిన పిన్నీసు తళుక్కుమంది.