వెండెల్ గెలాక్సీ

"కేకు నువ్వే కోయాలి వెండెల్. నీ గెలాక్సీయే కదా!" అంటూ మారిబెల్ ఒసోరియో ప్లాస్టిక్ కత్తి అతని చేతిలో పెట్టింది.

చుట్టూ ఉన్న పదిమందీ చప్పట్లు కొట్టారు. గోడమీది తెర నిండా గెలాక్సీ మెరుస్తోంది. అంతరిక్షంలో తిరిగే టెలిస్కోపు ఆ ఉదయమే పంపిన బొమ్మ అది. వెండెల్ నోవోట్నీ పంతొమ్మిదేళ్లుగా కొండలమీది టెలిస్కోపుల్లోంచి మసకమసకగా చూస్తూ వచ్చిన గెలాక్సీ. ఇప్పుడు నక్షత్రానికి నక్షత్రం విడివిడిగా కనిపిస్తుంటే అతనికి సంతోషం కలగలేదు సరికదా, కడుపు భగ్గుమంది. అంతరిక్ష టెలిస్కోపుతో దాన్ని చూడనివ్వమని తను మూడుసార్లు దరఖాస్తు పెట్టుకున్నాడు. మూడుసార్లూ కాదన్నారు. నిన్నగాక మొన్న బాల్టిమోరుకు వచ్చిన ఈ మారిబెల్ ఒక్కసారి అడిగింది, ఇచ్చేశారు.

"నాకు షుగరుంది," అని కత్తి బల్లమీద పెట్టేసి తన గదికి వెళ్లిపోయాడు. షుగరూ లేదు, గిగరూ లేదు.

వాళ్ల వృత్తిలో ఒక ఆనవాయితీ ఉంది. టెలిస్కోపును వాడుకునే సమయం ఎవరు గెలుచుకుంటే, అది పంపిన సమాచారం మామూలుగా ఏడాదిపాటు వాళ్ల సొత్తు. అందాకా ఫైళ్లకు తాళం. ఏడాది తిరిగితే తాళం దానంతటదే ఊడిపోతుంది, లోకంలో ఎవరైనా తీసుకోవచ్చు. వెండెల్ ఒక కాగితం మీద 'వచ్చే ఏడాది, ఏప్రిల్ పద్నాలుగు' అని రాసి గోడకు అంటించాడు. అందాకా ఆ ఫైళ్ల వంక కన్నెత్తి చూడకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. తాళం వేసిన తలుపు తట్టేంత గతిలేనివాడు కాదు తను!

వారం తిరక్కుండానే కాఫీ మిషన్ దగ్గర మారిబెల్ ఎదురైంది.

"చూశావా?"

"ఏం చూడాలి?"

"అదేంటి, ఫైళ్లు! తూర్పు అంచున ఎర్ర నక్షత్రాల బారు ఒకటుంది. చూశావంటే ఎగిరి గంతేస్తావు."

వెండెల్ పళ్లు నూరుకున్నాడు. తలుపు బిగించుకుని లోపల భోంచేస్తూ, వాకిట్లో నిలబడ్డవాణ్ని వంటెలా ఉందని అడిగినట్టుంది. ఆ రోజు నుంచి మారిబెల్ పేరుతో వచ్చిన ఈమెయిళ్లన్నీ చదవకుండానే చెత్తబుట్టలోకి పంపించాడు. ఆమె గొప్పలు వినే ఓపిక అతనికి లేదు.

ఆమె కూడా ఊరుకోలేదు. లిఫ్టులో కనిపిస్తే "ఇంకా చూడలేదా?" అంటుంది. కారు దగ్గర కనిపిస్తే "తీరిక దొరికిందా?" అంటుంది. ప్రతిసారీ పుండుమీద కారం చల్లినట్టే ఉండేది.

అక్టోబరులో డైరెక్టర్ ఆగ్నెస్ పిలిచింది. "మార్చి ఆఖరుకి ఒక గట్టి పరిశోధన పేపరు రావాలి వెండెల్. లేకపోతే నీ ఉద్యోగం పొడిగించటం నావల్ల కాదు. నీకోసం పైవాళ్లతో పోట్లాడలేను."

గట్టి పేపరు అతని దగ్గర ఉంది. ఆ గెలాక్సీ ఒకప్పుడు ఇంకో చిన్న గెలాక్సీని మింగేసిందని పంతొమ్మిదేళ్లుగా మొత్తుకుంటున్నాడు. రుజువు మాత్రం మారిబెల్ ఫైళ్లలో ఉంది. తాళం ఊడేది ఏప్రిల్‌లో. రెండే రెండు వారాల తేడా!

"వెళ్లి ఆ అమ్మాయిని అడగరాదూ?" అంది అతని భార్య లెనోర్, పీత మాంసం వడలు వేయిస్తూ. "అడిగితే నోటి ముత్యాలు రాలిపోతాయా?"

"అడుక్కోమంటావా?"

"అడగటం వేరు, అడుక్కోటం వేరు."

"నీకు తెలీదు లెనోర్. కావాలనే నన్ను ఏడిపిస్తోంది. తను పేపరు రాయదు, ఇంకొకర్ని రాయనివ్వదు. గడ్డివాము దగ్గర కుక్క!"

"నువ్వేమో ఆ అమ్మాయిని చూసి ఏడుస్తున్నావు," అంది లెనోర్. అతను వడ ముట్టకుండా లేచిపోయాడు.

జనవరిలో మారిబెల్ తనే అతని గదికి వచ్చింది. గోడమీది కాగితం వైపు చూసింది కానీ దాని సంగతి అడగలేదు.

"నీ పాత కొలతలు తీసుకురా వెండెల్, ఇద్దరం కలిసి కూర్చుందాం. నీకోసమే ఆగాను. ముందు నువ్వు రాస్తే ఆ తర్వాత నేను రాస్తాను."

ముందు నేను రాయాలట! చేతులు కట్టేసి ఈదమంటోంది.

"పంతొమ్మిదేళ్ల నా కష్టం నీ చేతిలో పెట్టాలా?" అన్నాడు.

మారిబెల్ మొహం చిన్నబోయింది. "సరే, నీ ఇష్టం," అని వెళ్లిపోయింది. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

మార్చి ముప్పై ఒకటి వచ్చింది, పోయింది. ఆగ్నెస్ మాట తప్పలేదు. వెండెల్ తన పుస్తకాలన్నీ అట్టపెట్టెల్లో సర్దుకుని, వీడ్కోలుకు వచ్చిన మారిబెల్ చాచిన చేతిని చూడనట్టే నటించి ఇంటికొచ్చేశాడు.

ఏప్రిల్ పద్నాలుగు పొద్దున్నే వంటింటి బల్లమీద లాప్‌టాప్ తెరిచాడు. ఫైళ్లు ఒక్క నొక్కుకు తెరుచుకున్నాయి. తూర్పు అంచున ఎర్ర నక్షత్రాల బారు ఉంది. అచ్చం తను చెప్పినట్టే, చిన్న గెలాక్సీ తాలూకు ఎంగిలి మెతుకుల్లా.

"లెనోర్! నేనే కరెక్టు!" అని కేకేశాడు. రెండు వారాల ముందు దొరికి ఉంటే! ఆ మహాతల్లి తాళం తన ఉద్యోగాన్ని మింగేసింది.

ఫైళ్ల కింద మారిబెల్ ఏడాదిన్నర కిందట పెట్టుకున్న దరఖాస్తు కూడా ఉంది. తనను మూడుసార్లు కాదన్నవాళ్లు ఇందులో ఏం చూసి మురిసిపోయారో చూద్దామని తెరిచాడు. మొదటి పేజీలోనే ఒక ప్రశ్న ఉంది: 'ఈ సమాచారాన్ని ఎన్ని నెలలు మీ ఒక్కరికే ఉంచాలి?'

మారిబెల్ సున్నా వేసింది.