దిగేటప్పుడే జాగ్రత్త

దొంగతనం చేయడం చిటికెలో పని. ఆ సొత్తుని కొండ ఎక్కించడమే కష్టమని మారుతాళానికి ఆ పొద్దున తెలిసొచ్చింది.

మారుతాళం అన్నది వాడి అసలు పేరు కాదు. పనితనం చూసి తోటి దొంగలు ఇచ్చిన బిరుదు. తెల్లవారుజామున ఒక షాపు షట్టర్ తెరిచి, అందులో ఉన్న కరెంటు మోటార్లన్నీ తన వ్యాను వెనకున్న ట్రైలర్‌కెక్కించాడు. ఒక్కోదాని కడుపులో బోలెడంత రాగి తీగ. తవుడు బస్తాలు సంపాదించి పైన కప్పి బయల్దేరేసరికి బాగా పొద్దెక్కింది. కొండ అవతల పాత సామాన్ల వ్యాపారి ఎదురుచూస్తున్నాడు. ఈ ఒక్క లోడు అమ్ముడైతే ఈ పాడు పని మానేసి తాళాల కొట్టు పెట్టుకుంటానని పెళ్ళాం తల మీద చెయ్యి పెట్టి ఒట్టు కూడా వేశాడు.

సగం కొండ ఎక్కేసరికి వాడి వ్యాను క్లచ్చి కాలిపోయింది. పొగలు కక్కి, ఇక నావల్ల కాదని మొరాయించింది. నడిరోడ్డు మీద, పట్టపగలు, దొంగ సొత్తుతో నిలబడి మారుతాళం బిక్కమొహం వేశాడు.

అంతలో కొండ మీంచి దిగుతున్న ఒక ఫోర్ వీల్ డ్రైవ్ జీపు వాడి పక్కన ఆగింది. అసలు రంగేమిటో చెప్పలేనంత పాతది. నడుపుతున్న పెద్దాయన దానికంటే పాత. ఆయన దిగి, కళ్ళజోడు సర్దుకుని, ట్రైలర్ చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఏం బరువు నాయనా ఇది?"

"తవుడు తాతా."

పెద్దాయన ఒక బస్తా పక్కకి జరిపి, కింద మోటారు మీద చెయ్యి వేసి నిమిరాడు. పారిపోదామని మారుతాళం ఒక అడుగు వెనక్కి వేశాడు. అయితే ముసలాయనకి పట్టింది వేరే సంగతి.

"బరువంతా వెనకెందుకేశావు? ఇలా లాగితే ట్రైలర్ పాములా మెలికలు తిరుగుతుంది. ఇరుసు మీదికి, కాస్త ముందుకి జరుపు. అప్పుడు నా జీపుతో పైదాకా లాగిపెడతాను."

దేవుడే పంపించాడనుకున్నాడు మారుతాళం. కిందామీదా పడి జరిపాడు. పెద్దాయన జీపుని వెనక్కి తిప్పి, టైర్లలో గాలి చూసి, కొక్కెం తగిలించి, దానికి తోడు ఒక గొలుసు కూడా కట్టాడు.

"కొక్కెం ఊడినా గొలుసు పట్టుకుంటుంది. దేన్నైనా సరే, ఒక్కదాన్నే నమ్ముకోకూడదు."

జీపు చిన్న గేరులో, నెలలు నిండిన మనిషిలా మెల్లగా ఎక్కసాగింది.

"కాస్త తొందరగా పోనీ తాతా."

"ముసలి బండిని తొందరపెడితే ముందు అది పోతుంది, తర్వాత మనం పోతాం."

మలుపు తిరగ్గానే పోలీసు గేటు. కానిస్టేబుల్ చెయ్యెత్తాడు. మారుతాళం పైప్రాణాలు పైనే పోయాయి.

"మళ్ళీ ఇటే వచ్చారేం పెద్దాయనా? లోడేంటి?"

"మోటార్లు."

"ఎవరివి?"

"మావే బాబూ."

కానిస్టేబుల్ కొక్కెం చూశాడు, గొలుసు చూశాడు. "అందరూ ఇంత పద్ధతిగా లాగితే మాకు పనే ఉండదు" అంటూ గేటు ఎత్తాడు.

మారుతాళానికి కళ్ళు చెమర్చాయి. ముక్కూ మొహం తెలియని తన కోసం రెప్పయినా ఆర్పకుండా ఎంత నున్నటి అబద్ధం! ఇలాంటి గురువు చిన్నప్పుడే దొరికుంటే తాను ఈపాటికి ఎక్కడో ఉండేవాడు.

కొండ మీద, టీ కొట్టు వెనక చదును నేల చూసి పెద్దాయన జీపు ఆపాడు.

"ఎక్కడం ఏముంది, ఇంజను చూసుకుంటుంది. దిగేటప్పుడే జాగ్రత్త. వెనక బరువుంటే అది జీపుని నెట్టుకుంటూ పోయి లోయలో పడేస్తుంది. మోటార్లు జీపులోకి మార్చు."

"అన్నీనా?"

"ఒక్కటి మిగిలినా ప్రమాదమే."

చెమటలు కక్కుతూ మారుతాళం ఒక్కోటీ మోశాడు. "మెల్లగా నాయనా, దెబ్బ తగలనీయకు" అంటూ పెద్దాయన పక్కనే నిలబడి అన్నీ వరసగా పెట్టించుకున్నాడు. చివరి మోటారు ఎక్కాక, "కొక్కెం విప్పి గ్రీజు రాస్తాను. ట్రైలర్ జారకుండా చక్రాల కింద రాళ్ళు పెట్టు" అన్నాడు.

మారుతాళం రాళ్ళు ఏరుకొచ్చి, బోర్లా పడుకుని, రెండు చక్రాలకీ బిగించాడు. లేచి ఒళ్ళు దులుపుకునేసరికి జీపు లేదు. అది వచ్చిన దారినే, చిన్న గేరులో, ఏ తొందరా లేకుండా దిగిపోతోంది.

"దొంగ! దొంగ!" అని గొంతు చించుకున్నాడు మారుతాళం. మరుక్షణమే తన నోరు తానే మూసుకున్నాడు. పరిగెత్తితే జీపుని అందుకోవచ్చు. కానీ కింద గేటుంది, గేటు దగ్గర కానిస్టేబుల్ ఉన్నాడు.

కేకలు విని టీ కొట్టావిడ గరిటెతోనే బయటికొచ్చింది. దిగిపోతున్న జీపుని చూసి నవ్వింది.

"ఆయన దొంగేంటయ్యా! కింద ఊళ్ళో మోటార్ల షాపు ఆయనదే. ఎవడో మొత్తం ఊడ్చుకుపోయాడట. పొద్దున్నే వచ్చి, బరువు బండేదైనా కొండ దాటిందా అని అడిగితే దాటలేదన్నాను. పోలీసులకి చెప్పరాదా అంటే, 'చెబితే దొంగ దొరుకుతాడమ్మా, కానీ కేసు తేలేదాకా నా మోటార్లు స్టేషన్లో తుప్పు పడతాయి. నాకు దొంగెందుకు, మోటార్లు చాలు' అన్నాడు. పాపం, దొరికాయో లేదో... నీకు దారిలో ఎక్కడైనా కనిపించాయా బాబూ?"