వాన తెచ్చే పాట

వరిమడిలో బుడగడని ఓ కప్పపిల్ల ఉండేవాడు. వేలెడంత లేడు, నోరు మాత్రం చెరువంత. కప్పల పురాణంలో ఏముందంటే, మూలతాత బెకబెకమని పాడితే ఆకాశం కరిగి వానైందట.

"ఉత్తిదే నాయనమ్మా!" అన్నాడు బుడగడు. "గాల్లో తేమ పెరిగితే మబ్బు పట్టుద్ది, వాన పడుద్ది. మనం అరిచినా మానినా ఒకటే. పది రోజులు చూసి మరీ చెప్తున్నా."

"ఎంత తెలివిరా నా బంగారానికి!" అని నాయనమ్మ మురిసిపోయింది. మడిలో కప్పలన్నీ నిజమే కదాని పాట మానేశాయి.

మర్నాడు వాన దంచి కొట్టింది. మొన్నే తోక రాలిన చెల్లి చుక్కి వరదకి కొట్టుకుపోయింది. ఆ వానలో దానికి కళ్లు కనపడవు. ఇల్లు ఎటుందో చెప్పే గొంతు ఒక్కటీ లేదు. పైగా అటువైపు నీళ్లపాము తిరుగుతోంది.

బుడగడు ఒక్క గెంతు గెంతాడు. గట్టెక్కి, గొంతు చిరిగేలా మూలతాత పాట ఎత్తుకున్నాడు. నాయనమ్మ అందుకుంది. మడంతా అందుకుంది. ఆ పాట వినపడ్డ వైపే ఈదుకుంటూ, వణుక్కుంటూ చుక్కి వచ్చేసింది.

"ఏరా సైంటిస్టూ, పాటకి వాన రాదన్నావుగా?" అంది నాయనమ్మ.

"ఇప్పటికీ రాదనే అంటానే," అన్నాడు బుడగడు చెల్లిని వాటేసుకుని. "చెల్లొచ్చింది, చాలు. నువ్వు మాత్రం ఆపకు. ఇంకెవరైనా దారి తప్పారేమో!"