మొదటి ముద్ద

"వద్దు వదినా, ఇది కుక్కకు కూడా పెట్టే చేప కాదు" అంటూ జాలరి యూస్టస్ చేపను పడవలోకి లాక్కున్నాడు.

చెయ్యంత పొడుగున్న కోరపళ్ల చేప అది. మునిగిన ఓడ దగ్గర గాలానికి పడింది. అక్కడి చేపల్లో విషం ఉంటుందని ఆ దీవిలో పాలు తాగే పిల్లల్ని అడిగినా చెబుతారు. తిన్న కాసేపటికే పెదాలు తిమ్మిరెక్కుతాయి. చన్నీళ్లు తాగినా నోరు కాలుతుంది. ఆ తర్వాత డాక్టరైనా దగ్గరుండాలి, చర్చి ఫాదరైనా ఉండాలి.

"నాకదే కావాలి" అంది మార్సెలీనా, రేవంతా వినేలా.

చేపలు కోస్తున్న ఆడవాళ్లు కత్తులు ఆపి చూశారు. పొద్దున్నుంచీ వాళ్లు ఆమెను దెప్పుతూనే ఉన్నారు. "మొగుణ్ణి పొట్టన పెట్టుకున్నవాడికి విందు చేస్తావా? సిగ్గు లేదూ?" అని. ఇప్పుడు వాళ్లే పక్కకు జరిగి దారిచ్చారు. ఆమె చేపను తోక పట్టుకుని, నడివీధిలోంచి ఇంటికి నడిచింది. చూసినవాళ్లలో ఒక్కరైనా మంత్రి మనుషుల చెవిన వెయ్యలేదు.

ఆరోగ్యమంత్రి క్లెమెంట్ లాటూష్ ఎన్నికలొస్తే చాలు, ప్రతి ఆదివారం ఒక పల్లెకు వెళ్లి, ఎవరో ఒక పేదింట్లో భోంచేస్తాడు. ఆ కబుర్లు అక్కడి నుంచే రేడియోలో అప్పటికప్పుడు వినిపిస్తారు. ఈ వారం ఈ ఊరి వంతు. వండిపెడతానని ముందుకొచ్చింది మార్సెలీనా ఒక్కతే.

కిందటి వానాకాలం ఆమె భర్త అన్సెల్మ్‌కు గుండెనొప్పి వచ్చింది. మంత్రి కొత్తగా రిబ్బన్ కత్తిరించిన ఆసుపత్రికి తీసుకెళ్లింది. తలుపు తీసే దిక్కులేదు. మంత్రి పేరు చెక్కిన పాలరాతి పలక కిందే, మెట్ల మీద, ఆమె ఒళ్లోనే పోయాడు. మర్నాడు లాటూష్ రేడియోలో ఏమన్నాడు? "ఆసుపత్రిలో అన్నీ ఉన్నాయి. తప్పతాగినవాణ్ణి ఆలస్యంగా తెచ్చి ప్రభుత్వాన్ని ఆడిపోసుకుంటున్నారు" అన్నాడు. అన్సెల్మ్ జన్మలో చుక్క ముట్టిన మనిషి కాదు.

'నువ్వు మింగింది కక్కిస్తానురా' అని ఆరోజే భర్త సమాధి మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకుంది.

మంత్రి వచ్చాడు. వెంట అనుచరులు, మైకు పట్టుకుని రేడియో అతను. ప్రహరీ చుట్టూ ఊరంతా చేరింది.

"ఏం ఘుమఘుమలక్కా! కొబ్బరిపాలు పోశావా?"

"పోశాను మంత్రిగారూ. మిరపకాయలు కూడా దండిగా తగిలించాను."

పళ్లెంలో ఉడికించిన అరటికాయ ముక్కలు, వాటి మీద చిక్కటి చేపల పులుసు. మంత్రి చెయ్యి పెట్టబోయి ఆగాడు. చేప వండితే వండిన మనిషే మొదటి ముద్ద తినాలి. అది ఆ దీవి ఆచారం. ఎంత సూటేసుకున్నా లాటూష్ కూడా ఆ ఇసుకలో పుట్టినవాడే.

"ముందు నువ్వు తిను అక్కా" అన్నాడు నవ్వుతూ.

గోడవతల యూస్టస్ ఒక్క అడుగు ముందుకేశాడు. మార్సెలీనా చూపుతోనే అతన్ని ఆపేసింది. పెద్ద ముక్క తీసుకుని, తీరిగ్గా నమిలి మింగింది. ఒక ముసలామె గుండెల మీద సిలువ గీసుకుంది.

మంత్రికి ధైర్యం వచ్చింది. లొట్టలేసుకుంటూ తిన్నాడు. మళ్లీ వడ్డించుకుని తిన్నాడు. "పేదవాడి వంట ముందు పెద్ద హోటళ్లు ఎందుకూ పనికిరావు!" అని మైకులో చెప్పాడు.

మార్సెలీనా చేతులు తుడుచుకుంది. "మంత్రిగారూ, పొద్దున నేను యూస్టస్ దగ్గర ఏ చేప తెచ్చుకున్నానో ఓసారి అడగండి."

యూస్టస్ అప్పటికే ఏడుస్తున్నాడు. "మునిగిన ఓడ దగ్గరిది సార్. వద్దన్నాను, వినలేదు."

లాటూష్ మొహంలో నెత్తుటి చుక్క లేదు. చేత్తో పెదాలు తడుముకున్నాడు. "తిమ్మిరి! నా పెదాలు తిమ్మిరెక్కుతున్నాయి!" ఐసు నీళ్లు గటగటా తాగాడు. "అమ్మో, కాలుతోంది!"

"కంగారెందుకు? నేనూ తిన్నాగా. పదండి, ఇద్దరం మీ ఆసుపత్రికే పోదాం. వీధి చివరే కదా."

"అక్కడికా? నన్ను చంపుదామనా? అక్కడేముంది! హెలికాప్టర్ పిలవండ్రా!"

ఊరి జనం మెల్లగా గేటు దగ్గరికి జరిగారు. ఎవరూ దారివ్వలేదు.

"అదేంటి మంత్రిగారూ, అన్నీ ఉన్నాయన్నారుగా?"

"రేడియోలో సవాలక్ష చెబుతాం! డాక్టర్ లేడు, మంచం లేదు, మాత్ర లేదు. గోడలకు రంగేశాం, అంతే! తప్పుకోండి!"

"ఆ డబ్బేమైంది?"

"మయామీలో ఇల్లు కొన్నాను! చాలా? ఇక పోనివ్వండి!"

"మా ఆయన తాగాడా?"

"లేదు! తాగలేదు, ఆలస్యంగానూ రాలేదు! నీ కాళ్లు పట్టుకుంటాను, దారి ఇప్పించు తల్లీ!"

రేడియో అతను మైకు దించలేదు. దీవి మొత్తం వింది. అప్పుడు మార్సెలీనా చెయ్యి ఊపింది, జనం తప్పుకున్నారు. అనుచరులు మంత్రిని మోసుకుంటూ పరిగెత్తారు.

యూస్టస్ లోపలికి వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వూ లే వదినా. పక్కదీవి ఆసుపత్రికి పడవలో తీసుకెళ్తాను. ఇంకా టైముంది, లే!"

ఆమె లేవలేదు. మరో పళ్లెంలో పులుసు పోసి అతని ముందు పెట్టింది. "పొద్దున్నుంచీ ఏం తిన్నావో ఏమో. కూర్చో, తిను."

యూస్టస్ బెదిరిపోయి వెనక్కి జరిగాడు.

అతనిచ్చిన చేప పెరట్లో గొయ్యి తీసి పాతిపెట్టి ఉంది. లాటూష్ మళ్లీ వడ్డించుకుని మరీ తిన్నది, ఓట్ల కోసం అతని మనుషులే మొన్న ఇంటింటికీ పంచిపెట్టిన ఐసులో పెట్టిన చేప.