ఫిర్యాదున్నవాళ్ళే తన్నాలి

"ముందు నన్ను తన్ననివ్వండి!" అంటూ పళ్ళ డాక్టరమ్మ హ్యాండ్‌బ్యాగు తీసి పక్కావిడ చేతిలో పెట్టింది.

తన్నబోయేది బంతినే. చూపు మాత్రం గోల్‌కీపర్ మీదుంది.

ఆ ఫుట్‌బాల్ క్లబ్బులో పాతకాలం నుంచీ ఒక ఆచారం. ఎవరికైనా ఎవరి మీదైనా కోపముంటే కమిటీ చుట్టూ తిరగక్కర్లేదు. తప్పు చేసినవాడు గ్లౌజులు లేకుండా గోల్‌లో నిలబడాలి. కోపమున్నవాడు ఒక పెనాల్టీ కిక్కు కొడతాడు. గోలైనా కాకపోయినా గొడవ అక్కడితో సరి. చెయ్యి కలిపాక మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు.

ఇవాళ గోల్‌లో నిలబడ్డవాడి పేరు గోడ.

ఒకప్పుడు దేశం జట్టుకి ఆడినవాడు. బంతిని గోడలా ఆపుతాడని జనం ముద్దుగా పెట్టుకున్న పేరది.

ఆ ముద్దు ఒక్క సాయంత్రంతో తీరిపోయింది. చేతుల్లోకి వచ్చిన బంతిని వదిలేసి మ్యాచి పోగొట్టాడు. ఆ కసంతా బయట తోకాడిస్తూ ఎదురొచ్చిన కుక్క మీద చూపించాడు. ఒక్క తన్నుకి దాని కాలు విరిగింది. కోర్టు జైలుకి పంపింది, జట్టు తీసేసింది, పేపర్లు ఉతికి ఆరేశాయి.

శిక్ష అయ్యాక ఈ క్లబ్బుకి వచ్చి, పిల్లలకి ఆట నేర్పే పని అడిగాడు.

"కుక్కని తన్నినవాడు రేపు మా పిల్లల్ని తన్నడని నమ్మకమేమిటి?" అని తల్లిదండ్రులు ఇంతెత్తున లేచారు.

"తప్పు నాదే. మీరెలా అంటే అలాగే," అన్నాడు గోడ.

ఎదురు వాదిస్తే తిట్టి పంపేవాళ్ళే. వాదించకపోయేసరికి ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు.

"ఆచారం ఉండగా ఆలోచన ఎందుకు?" అన్నారు ప్రెసిడెంటుగారు. "కోపమున్నవాళ్ళంతా వచ్చి తన్నండి. తన్నాక ఒక్కరు చెయ్యి కలపనన్నా ఇతనికి ఉద్యోగం లేదు."

అలా మొదలైంది ఈ క్యూ.

డాక్టరమ్మ పళ్ళు బిగించి తన్నింది. బంతి ఉన్నచోటే ఉంది. బూటు ఎగిరి గోల్‌లో పడింది.

గోడ దాన్ని దులిపి తెచ్చిచ్చాడు.

"గోలేనా?"

"గోలేనండీ."

"అయితే సరే," అని చెయ్యి కలిపింది.

టైలర్ కొట్టిన బంతి అడ్డంగా పోయి ప్రెసిడెంటుగారి బొజ్జకి తగిలింది.

"నీ కోపం అతని మీదా, నా మీదా?"

"కొలతలో తేడా వచ్చింది సార్!"

లెక్కల మాస్టారు వంగి, లేచి, ఒక కన్ను మూసి, మళ్ళీ వంగారు.

"మాస్టారూ, తెల్లారుతుంది, కానివ్వండి!" అని వెనకనుంచి అరిచారు.

నవ్వులే నవ్వులు. వచ్చింది కోపం తీర్చుకోడానికన్న సంగతి సగం మందికి గుర్తు లేదు.

మామ్మగారికి గుర్తుంది. "నాకూ ఒక కుక్కుంది. దాని తరఫున," అని కొట్టింది. బంతి తిన్నగా పోయి గోడ డొక్కలో తగిలింది.

"నొప్పెట్టిందా?"

"పెట్టింది మామ్మా."

"దానికీ పెట్టే ఉంటుంది."

"అవును మామ్మా." గోడ తల దించుకున్నాడు.

మామ్మగారు అతని చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు. పక్కనున్న డాక్టరమ్మకి కళ్ళు చెమర్చాయి.

క్యూ చివర్లో కొత్త మొహం ఒకటి కనబడింది ప్రెసిడెంటుగారికి. ఒక పెద్దాయన, బూట్లు విప్పేసి ఉత్తకాళ్ళతో నిలబడ్డాడు.

"మీరెవరండీ? మీ పిల్లలెవరైనా ఇక్కడ ఆడతారా?"

"లేదండీ. మాది పక్కూరు. ఇవాళ ఇలా తన్నిస్తున్నారని తెలిసి బస్సెక్కి వచ్చాను."

"తమాషా చూడ్డానికా?"

"కాదండీ. నేనూ ఒకటి తందామని."

"బాగుంది వరస! దారినపోయే ప్రతివాళ్ళూ తంతే మనిషేం మిగులుతాడు? ఫిర్యాదున్నవాళ్ళే తన్నాలి. అది మా రూలు."

పెద్దాయన ఏదో చెప్పబోయాడు. ప్రెసిడెంటుగారి ముందు ఇంతవరకు ఎవరికీ రెండో మాట దొరకలేదు, ఆయనకి మాత్రం ఎక్కడ దొరుకుతుంది?

"మెల్లగానే తంతానండీ," అన్నాడు చివరికి.

"మెల్లగా తన్నేదానికి బస్సెక్కి రావాలా?"

క్యూ అంతా గొల్లుమంది. పెద్దాయనా నవ్వేశాడు. పక్కకి జరిగి బూట్లు తొడుక్కుని, తీరిగ్గా లేసులు కట్టుకుని, గోల్‌ వైపు ఒకసారి చూసి గేటు దారి పట్టాడు.

ఆఖరి కిక్కూ అయింది. ఆఖరి చెయ్యీ కలిసింది.

"అందరూ క్షమించారు! రేపట్నుంచి గోడ మన కోచ్!" అని ప్రకటించారు ప్రెసిడెంటుగారు. చప్పట్లు మోగాయి. పిల్లలు గంతులేశారు.

గోడ మాత్రం గోల్‌లోంచి కదల్లేదు.

"రావయ్యా, అయిపోయింది!"

"ఇంకొకరున్నారండీ. చివర్లో నిలబడ్డ పెద్దాయన."

"ఆయనా? ఎప్పుడో పంపించేశాగా!"

గోడ ఒక్క పరుగున గేటు దాటాడు. అప్పటికే బస్సు మలుపు తిరిగిపోయింది.

వెనకాలే ప్రెసిడెంటుగారు రొప్పుతూ వచ్చారు. "మేమంతా క్షమించాం కదయ్యా! ఇంకెవరు మిగిలారు?"

"జైలునుంచి వచ్చాక ఎన్నిసార్లో ఆయన గుమ్మం ముందు నిలబడ్డానండీ. ఒక్కసారీ తలుపు తియ్యలేదు. ఇవాళ తనంతట తనే వచ్చాడు," అన్నాడు గోడ, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "ఆ కుక్క ఆయనదే."