బెరడు కింద

"ఆ చెట్టు మీంచి చెయ్యి తీయండి!"

శేషారత్నం కేకకు పార్కులో నడుస్తున్నవాళ్లు ఆగిపోయారు.

సైప్రస్ చెట్టు మొదట్లో కూర్చున్న మనిషి చాకు పక్కన పెట్టి లేచాడు. భుజాన రంపం ఉంది. కాలనీవాడు కాదు.

అత్వెల్లి దగ్గరి ఆ కాలనీలో పార్కు చుట్టూ ఉన్న సైప్రస్ వరుస శేషారత్నం పెంచిందే. షామీర్‌పేట నర్సరీకి ఫోన్ చేసి మొక్కలు వ్యాన్‌లో తెప్పించింది. వేసవిలో ట్యాంకర్ నీళ్లలో తన వంతు వాటికే పోసింది.

"అమ్మా, ఒక్కపారి గీడ సూడుండ్రి."

అతను గోకినచోట బెరడు కింద పచ్చగా లేదు. కుళ్లిన గోధుమరంగు. పైన పగులులోంచి బంక కారుతోంది.

"బూజు రోగమమ్మా. బెరడు లోపలి పొరను తింటాంది. మాను చుట్టు తిరిగిందంటే చెట్టు ఎండుడే. గీ రెండు ఇయ్యాలనే కోసి కాలవెడితే మిగిలినయి బతుకుతయి."

"ఎండిన రెమ్మలు తీసేస్తే సరిపోతుంది లెండి. ఎల్లుండి కాలనీ వార్షికోత్సవం. రేపు మాలి అన్నీ సమానంగా కత్తిరిస్తాడు."

"గదే కత్తెర అన్నిటికీ ఏయొద్దమ్మా! రోగాన్ని మనమే మోసినట్టయితది."

"చెట్లు కోసేశాక కొత్త మొక్కలు మీరే అమ్ముతారు కాబోలు! ఏం తెలివండీ!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

"నేనెవరో జెప్త, జర ఇనుండ్రి..."

"మీరెవరైనా సరే. గేటు అటుంది."

మర్నాడూ వచ్చాడు. వాచ్‌మన్ గేటు తీయలేదు. అతను ఎండలో బయటే నిలబడ్డాడు. లోపల కత్తెర చప్పుడు వరుస చివరిదాకా సాగింది.

వానలు తగ్గేసరికి వరుసంతా తుప్పు రంగుకు తిరిగింది.

శేషారత్నం ఏడవలేదు. "రోగపు మొక్కలు అంటగట్టినవాణ్ణి ఊరికే వదలను" అని ఆటో ఎక్కి షామీర్‌పేట వెళ్లింది.

నర్సరీ బోర్డు ఉంది. మొక్క ఒక్కటీ లేదు. నేలంతా కాలిన మోళ్లు.

గేటు దగ్గర గోనెసంచి మీద ఒక ముసలామె కూర్చుని ఉంది.

"మీ మొక్కల వల్ల మా చెట్లన్నీ చచ్చిపోయాయి. ఓనరుని పిలవండి!"

ముసలామె ఆమెను ఎగాదిగా చూసింది.

"అయ్యో, మా ప్రతాప్ మీ తాన్కి రాలేదా బిడ్డా? రోగం సంగతి ఎరుకైన నాడే తన తోటకు నిప్పువెట్టి, మొక్కలు కొన్నోళ్ల గడప గడపకు పోయి పాడైన చెట్లు నేనే కోసిస్త అని బతిమాలుకుంట తిరుగుతున్నడు కద!"